తెల్లదారం నాలుగు వరసలు

కొండ అంచు నుంచి తాళ్లతో దూకే యాత్రికులకు నడుం పట్టీలు కుట్టేది అత్త. వాళ్లను దూకించేది మేనల్లుడు. కుట్టిన ప్రతి పట్టీనీ అత్త ముందు తానే కట్టుకుని, దుకాణం కప్పుకి ఉన్న ఇనుప కొక్కేనికి నేలకు జానెడెత్తున వేలాడి, నూరు లెక్కపెట్టి గానీ ఎవరి చేతికీ ఇచ్చేది కాదు. జీవితంలో ఆమె ఎక్కిన ఎత్తల్లా ఆ జానెడే.

ఆ ఉదయం పట్టీ కోసం వచ్చిన యాత్రికురాలు తాను తిరిగిన దేశాలన్నీ ఏకరువు పెట్టింది. ఇక ఈ దూకడమొక్కటే మిగిలిందట, సాయంత్రం బస్సుకే తిరుగు ప్రయాణమట. వేలాడుతున్న అత్తను చూసి నవ్వాపుకోలేక ఫోటో కూడా తీసుకుంది.

నూరయింది. పట్టీ బరువుకు ఆగింది. దిగి, ఎందుకో కుట్టు మీద వేలు పోనిచ్చిన అత్త ముఖం పాలిపోయింది. నాలుగు వరసలుండాల్సిన చోట మూడే తగిలాయి. నల్ల పట్టీ మీద నల్లదారం. ఫోటోల్లో బాగుంటుందని మేనల్లుడు పోరుపెడితే నిరుడే తెల్లదారం మానేసింది.

"ఆగింది కదత్తా, ఇచ్చెయ్. టైమైపోతోంది," అన్నాడు మేనల్లుడు.

"నేను ఊరికే వేలాడాన్రా. ఆ పిల్ల దూకుతుంది."

కత్తెర తీసి కుట్టు కోసేసింది. ఇంత దూరం వచ్చింది ఇందుకేనా అని యాత్రికురాలు నిలదీసింది. కొండ పైన వేరే పట్టీలున్నాయి రమ్మంటూ మేనల్లుడు లేచాడు.

"అవీ నేను కుట్టినవే. నల్లదారం పెట్టినప్పట్నుంచి కుట్టినవన్నీ దింపు. నాకు కళ్లు ఆనడం లేదు."

మేనల్లుడు గుమ్మంలోనే ఆగి వెనక్కి తిరిగాడు. "ఎన్నాళ్లయింది?"

"చెబితే మిషన్ వేరేవాళ్లకిస్తావని చెప్పలేదు."

అతను కాదనలేదు. కొండెక్కి పదమూడు పట్టీలు మోసుకొచ్చాడు. యాత్రికురాలు ఫోను సంచిలో పడేసి, స్టూలు వెలుతురులోకి లాక్కుంది. "ఇలా ఇవ్వండి పెద్దమ్మా, నేను చూస్తాను," అని ఒక్కొక్క పట్టీ వరసలూ వేలితో లెక్కపెట్టింది. రెండింటికి మూడే ఉన్నాయి. ఆ రెండింటితో ఎంతమంది దూకారో ఎవరూ పైకి అనలేదు.

ఆ రోజు కొండ మీద నుంచి ఎవరూ దూకలేదు. పొద్దు వాలేవేళకు అత్త తెల్లదారంతో ఒక పట్టీ పూర్తిచేసింది. సూదిలో దారం ఎక్కించింది, వరసలు సరిచూసింది యాత్రికురాలే. అత్తకు బదులు ఆమే దాన్ని కట్టుకుని కొక్కేనికి వేలాడింది. కాళ్లు నేలకు జానెడెత్తున ఊగాయి.

బస్సు వేళయింది, ఫోటో తియ్యనా అన్నాడు మేనల్లుడు.

"ఆగండి," అందామె కుట్టు మీద నుంచి చెయ్యి తియ్యకుండా. "ఇంకా నూరు కాలేదు."