వలపటి ఎద్దుకు ఎర్రగుడ్డ

హారికా, ఇలా నా మంచం మీదికొచ్చి కూర్చో తల్లీ. పందెమై నాలుగు రోజులైనా గొంతు బొంగురు తగ్గలేదు, దగ్గరగా ఉంటేనే వినబడుతుంది. పరీక్షలని నువ్వు హాస్టల్లోనే ఉండిపోయావు కదా, అందుకని మొదటినుంచీ చెబుతాను.

రెండో పంట దాళ్వా కోతలయ్యాక ఎండిన చేలల్లో మన ఊరి వాళ్లు ఎడ్లబండ్ల పందెం పెట్టడం నాకు తెలిసి అరవై ఏళ్లుగా ఉంది. నేను కాపురానికొచ్చిన ఏడు మీ తాతగారే తోలి ఇత్తడి బిందె గెలిచారు. దాని సంగతి మళ్లీ చెబుతానులే. ఈ ఏడు మీ నాన్న లోవరాజు కొత్త జతను దింపాడు. రెండూ తెల్లటివి, ఒకదానికొకటి అచ్చు పోలిక. తోలడానికి సఖినేటిపల్లి వైపు నుంచి గణపతి అనే అతన్ని రమ్మన్నాడు. ముప్పై ఏళ్లుంటాయి, పగ్గం పడితే పేరున్నవాడు.

నువ్వు పుస్తకాలతో పెరిగినదానివి, ఇది తెలుసుకో. కాడికి ఎడమవైపు కట్టేది దాపటి ఎద్దు, కుడివైపుది వలపటిది. ఏ పక్కకు అలవాటు చేస్తే బతికినన్నాళ్లూ ఆ పక్కే. మార్చి కడితే తన చోటు కోసం పక్కదాన్ని తోసేస్తుంది. అందుకే మనింట్లో దాపటిదాని కొమ్ముకు ఎర్రగుడ్డ, వలపటిదానికి పచ్చగుడ్డ. పందెం రోజున ఆ గుడ్డలు కట్టడం ఇంటి పెద్ద ఆడదాని పని. అంటే నాది.

ఆ పొద్దున మీ నాన్న ఎడ్లను కాలవలో కడిగి తెచ్చి, చేతికందిన గుంజలకు కట్టేసి వెళ్లిపోయాడు. పందెం ముగిసేచోట నిలబడి ఎడ్లను పట్టుకోవాల్సింది ఇంటాయనే కదా. రోజూ తూర్పు గుంజకుండేది దాపటిది. అవతల డప్పులు మోగుతున్నాయి, నాకేమో తొందర. నేను ఎద్దు మొహం చూడలేదమ్మా. గుంజ చూశాను. తూర్పు గుంజ దగ్గరున్నదానికి ఎర్రగుడ్డ, రెండోదానికి పచ్చది చుట్టేశాను.

అంతలో గణపతి వచ్చాడు. చెంబుడు మజ్జిగ ఇస్తే గటగటా తాగి అడిగాడు.

"ఈ జత నాకు కొత్తండి మామ్మగారూ. దాపటిది ఏదండి?"

"ఎర్రగుడ్డ కనబడతల్లేదా నాయనా? కళ్లు రేవులో వదిలేసి పంటు పడవ ఎక్కేవా?"

"ఆయ్, అలాగేనండి" అని నవ్వుతూ తోలుకుపోయాడు.

జెండా దించారు. బండి వంద గజాలు కూడా పోలేదు. ఎడ్లు రెండూ మెడలు విసురుకుంటూ ఒకదాన్నొకటి తోసుకున్నాయి. కాడి ఓరగా లేచింది. బండి గిర్రున తిరిగి బోదె కాలవలో పడింది. గణపతి కింద ఉన్నాడు, కాలి మీంచి చక్రం పోయింది.

ఎలా పరుగెత్తానో నాకు తెలియదు. కాడి విరిగి విడిపోయిన ఎద్దు ఒకటి తిన్నగా నా దగ్గరికే వచ్చి, కుడితి కోసం చెయ్యి నాకింది. దాని చెవి చూశాను. చెవికి చీలిక ఉంది. మన వలపటిదానికే ఆ చీలిక. కొమ్ముకేమో ఎర్రగుడ్డ.

మైకులో కమిటీ పెద్ద కృష్ణమోహన్ గొంతు వినబడింది. "తాగొచ్చి తోలేడండి. ఇక మన పందెంలో ఇతను పగ్గం పట్టడానికి వీల్లేదండి."

"పంటు ఎక్కకముందే ఏసుకునుంటాడు" అని వెనక ఎవరో నవ్వారు.

"నా నోరు వాసన చూడండి బాబూ, ఎవరైనా చూడండి" అంటున్నాడు గణపతి. ఒక్కరూ వంగలేదు. అంబులెన్సులోకి ఎక్కించేదాకా అదే మాట.

నేను వెళ్లి మైకు పట్టుకున్నాను. "తప్పు నాదండి. గుడ్డలు తారుమారుగా కట్టింది నేనండి. అతను అడిగితే, చూడకుండా చెప్పింది కూడా నేనేనండి."

కృష్ణమోహన్ మెల్లిగా మైకు లాక్కున్నాడు. "మీది ఎన్నపూస మనసండి అప్పాయమ్మగారూ. కానీ తాగుబోతుని కూడా ఎనకేసుకొస్తే ఎలాగండి?"

"కొమ్ము చూడండి" అన్నాను. అందరూ ఎద్దువైపు తిరిగారు. కొమ్ముకు ఏమీ లేదు. రెండోదాని పచ్చగుడ్డ బోదెలో పడ్డప్పుడే ఊడిపోయింది. ఎర్రగుడ్డ నా గుప్పిట్లోనే ఉంది. కంగారులో ఎప్పుడు లాగేశానో నాకే తెలియదు.

మీ నాన్న వచ్చి నా భుజం పట్టుకున్నాడు. "నీకు కళ్లు సరిగ్గా ఆనక అలా అనుకుంటన్నావే అమ్మా. పద ఇంటికి." కన్నకొడుకు కూడా నమ్మలేదు, చూశావా.

గణపతికి అమలాపురం ఆసుపత్రిలో కాలికి కడ్డీ వేశారు. నడుస్తాడన్నారు. నడిచి ఎక్కడికెళతాడు? ఇంకో రెండు ఊళ్లవాళ్లు, మా ఎడ్ల జోలికి రావద్దని అప్పుడే కబురు పంపారు. పగ్గం తప్ప వేరే పని తెలియనివాడు.

నా మాటంటే ముసలిదాని చాదస్తమని తోసేస్తున్నారు. నువ్వు చెబితే కూర్చుని వింటారు. మీ హాస్టల్లోగానీ, రేపు నీ అత్తవారి ఊళ్లోగానీ, ఈ పందెం మాట వచ్చినచోటల్లా చెప్పు. గణపతి తాగింది మజ్జిగ. దాపటిది ఏదని అడిగే కట్టాడు. చూడకుండా చెప్పింది మా మామ్మ. వీటిలో ఒక్క ముక్క కూడా జారవిడవకు. ఏదీ, ఒకసారి నాకు చెప్పు, వింటాను.