వెర్నా ఒప్పుకోని పరుగు

యాభై ఏళ్ళ కిందట ఒక సెప్టెంబరు ఆదివారం, ఆడపిల్లల బేస్‌బాల్ ఫైనల్లో, లొరెయిన్ స్టుట్జ్ మూడో బేస్ నుంచి పరుగు పూర్తయ్యే హోమ్ ప్లేట్‌కి బంతి ఎవరూ కొట్టకముందే దొంగపరుగు తీసి కప్పు గెలిపించిందని కెల్లర్స్‌బర్గ్‌లో ప్రతివాళ్ళకీ తెలుసు. ఒప్పుకోనిదల్లా వెర్నా కుబియాక్ ఒక్కతే. ఆ రోజు ప్లేట్ వెనక ఎదుటి జట్టు క్యాచర్‌గా కూర్చున్నది ఆవిడే మరి. తర్వాత పోయి పోయి ఆ గెలిచిన ఊళ్ళోనే సాసేజీల కొట్టువాణ్ణి పెళ్ళాడింది. ప్రేమ గుడ్డిదంటారు గానీ వెర్నా కళ్ళు మాత్రం శుభ్రంగా పనిచేసేవి.

"దాని కాలు ప్లేట్‌కి తగలకముందే బంతి పట్టిన నా గ్లోవ్ దాని మడమకి తగిలింది. అది ఔట్," అనేది ఆవిడ. పెళ్ళి విందుల్లో అంది, చర్చి మెట్ల మీద అంది, తన మొగుడు పోయినప్పుడు పరామర్శకి వచ్చిన లొరెయిన్‌తోనే అంది. లొరెయిన్ ఆవిడ చెయ్యి పట్టుకుని ఓదారుస్తూనే "సేఫ్" అంది.

మరి ఆ రోజే అంపైర్‌ని ఎందుకు నిలదీయలేదని ఎవరైనా అడిగితే మాత్రం వెర్నా కత్తి అందుకునేది. ఉల్లిపాయలు తరగడంలో పడిపోయేది. ఆ రోజుల్లో వాళ్ళచేత పొట్టి గౌన్లు వేయించి, పెదాలకి రంగు పూయించి ఆడించేవారు. మోకాళ్ళు చెక్కుకుపోయినా నవ్వాలి. అంపైర్‌కి ఎదురు చెప్పిన పిల్ల మర్నాడు సామాను సర్దుకోవాల్సిందే. ఇంటికి పోతే మేజోళ్ళ మిల్లు కాచుకునుంది. వెర్నా నోరు మూసుకుంది. ఓడిపోవడం ఏనాడో అరిగిపోయింది గానీ, ఆ మూసుకున్న నోరే ఇప్పటికీ ఆవిడ గొంతులో ముల్లై కూర్చుంది.

ఈ ఏడు ఊరి ఉత్సవాల కమిటీ తరఫున ఆర్డిస్ అనే ఆవిడ దాల్చినచెక్క కేకు పట్టుకుని వచ్చింది. ఆ మహత్తర క్షణాన్ని యాభయ్యో ఏడాది సందర్భంగా మైదానంలో మళ్ళీ చేసి చూపించాలట. లొరెయిన్ గారు ఒప్పుకున్నారట. వెర్నా గారు చేయాల్సిందల్లా గ్లోవ్ కాస్త ఆలస్యంగా దించడమేనట.

వెర్నా కేకు ముక్క నోట్లో వేసుకుని సరేనంది.

"అత్తయ్యా, అంత తొందరగా సరే అన్నావంటే నాకు భయంగా ఉంది," అంది మేనకోడలు బెర్నిస్, ఆర్డిస్ వెళ్ళాక.

"కేకు బాగుంది," అంది వెర్నా.

ఆదివారం మైదానం నిండిపోయింది. బీరు, సాసేజీల మీద ఆవాల ముద్ద, ఎండ. అసలు ఆట ఆడాల్సిన కుర్రకారు పక్కన కాచుకుని ఉన్నారు. లొరెయిన్‌వి రెండూ లోహపు మోకాళ్ళు. అందుకని నడిచొచ్చి ప్లేట్ మీద కాలు పెడితే చాలని కమిటీ తీర్మానం. అంపైర్ వేషం పళ్ళ డాక్టరు నార్బర్ట్‌ది. చివర్లో "సేఫ్" అనాలని అతనికి ముందే చెప్పి ఉంచారు.

క్యాచర్ అన్నాక ఎదుటివాళ్ళని నోటితో కుదురుగా ఉండనివ్వకూడదు, అది వృత్తిధర్మం. వెర్నా ముఖానికి జాలీ తగిలించుకుని, బంతి గ్లోవ్‌లో పెట్టుకుని మొదలెట్టింది.

"రావే లొరెయినూ, తాబేళ్ళు దాటిపోతున్నాయి."

"అప్పుడూ ఇలాగే వాగావు. అప్పుడూ నేనే గెలిచాను."

ప్లేట్ ఇంకా నాలుగడుగులుందనగా లొరెయిన్ డాక్టర్ల మాటా కమిటీ తీర్మానమూ గాలికొదిలేసి దుమ్ములోకి జారింది. వెర్నా ఆలస్యం చేయలేదు. గ్లోవ్ లొరెయిన్ మడమ మీద ఠప్పున పడింది.

నార్బర్ట్ చేతులు బార్లా చాపాడు. "సేఫ్."

జనం చప్పట్లు కొడుతుండగా వెర్నా లేచి, జాలీ తీసి పారేసి, బూటు కొసతో దుమ్ము ఎగదన్నింది. అది నార్బర్ట్ కొత్త బూట్ల మీద పడింది. ఊళ్ళో చంటిపిల్లలకి కూడా తెలుసు, అంపైర్ బూట్ల మీద దుమ్ము పోస్తే ఆటలోంచి గెంటేస్తారని.

"నా దవడ పన్నులో ఆవగింజంత పుచ్చు కనిపించింది నీకు. ఇంత మడమ కనిపించలేదా?"

"వెర్నా గారూ, నాకు కమిటీ వాళ్ళు చెప్పారు," అని గొణిగాడు నార్బర్ట్.

"అప్పటి అంపైర్‌కి ఎవరు చెప్పారో కనుక్కో. అది ఔట్. అప్పుడూ ఔటే, ఇప్పుడూ ఔటే. నన్ను గెంటేస్తావా, గెంటెయ్. గెంటేయించుకోవడానికే వచ్చాను."

నార్బర్ట్ పాపం, ఆనవాయితీ తప్పలేక బొటనవేలు పైకెత్తి బయటికి చూపించాడు. ఊరంతా ఒక్క గొంతుతో ఆవిణ్ణి గేలి చేసింది. పెళ్ళినాడు కూడా వెర్నా ముఖం అలా వెలగలేదని తర్వాత బెర్నిస్ చెప్పింది.

ఈలోగా లొరెయిన్ ప్లేట్ మీంచి లేవలేకపోతోంది.

"చెయ్యివ్వవే."

"ఔటని చెప్పు, ఇస్తా."

"చస్తే చెప్పను." లొరెయిన్ కాసేపు దుమ్ము దులుపుకుని, గొంతు తగ్గించింది. "ఆ రోజు నువ్విలా అరుస్తావని హడలిపోయాను. నువ్వు కిక్కురుమనలేదు. దాంతో నేను సేఫే కాబోలు అనుకున్నాను."

వెర్నా ఆవిడ మీదికి వంగింది.

"ఆ మాటే గట్టిగా చెప్పు."

"చెప్పను. ఏం చేసుకుంటావో చేసుకో."

నార్బర్ట్ వచ్చి, గెంటేసినవాళ్ళు మైదానంలో ఉండకూడదని మెల్లిగా గుర్తుచేశాడు. కుర్రాళ్ళ ఆటకి వేళ మించిపోతోందన్నాడు.

"అయితే ఈడ్చుకెళ్ళు," అని వెర్నా లొరెయిన్ పక్కనే దుమ్ములో చతికిలబడింది. ఈడ్చే మొనగాడెవరూ ముందుకు రాలేదు. ఆర్డిస్ మాత్రం చేతులు నలుపుకుంటూ పరుగెత్తుకొచ్చి, ఏమైనా కావాలా అని అడిగింది.

"సాసేజీలు," అంది వెర్నా. "ఇద్దరికీ. దానికి ఆవాల ముద్ద ఎక్కువ వేయించు, ఇంకా చాలాసేపు వాదించాలి."