గురువారం బేసిను

నేను ఒక ఇత్తడి బేసినుని. ఏడాదికి ఒక్క పూట పని, మిగతా రోజులన్నీ బీరువాలో గుడ్డ కప్పుకుని గౌరవంగా కూర్చోవడం. ఇలాంటి ఉద్యోగం ఎవరికి దొరుకుతుందని మీరు అనుకోవచ్చు. దొరక్కపోతేనే మంచిదని నేనంటాను.

అజ్జరంలో కంచరివాళ్ల కొలిమిలో పుట్టాను. చిల్లుపడ్డ బిందెలు, నాలుక ఊడిన గంటలు, ఎవరింట్లోవో దీపపు సెమ్మెలు, అన్నీ కలిపి కరిగించి నన్ను పోశారు. ఏ ముక్క ఏ మతంవాళ్ల ఇంటినుంచి వచ్చిందని ఎవరూ అడగలేదు. కొలిమిలో అలాంటి పట్టింపులు కుదరవు. బయటికొచ్చాకే మొదలవుతాయి.

కాలవ ఒడ్డున ఉన్న ఒక చిన్న ఊళ్లో గుడికి వెళ్లే ఆడవాళ్లు నన్ను కొన్నారు. ఎసట్లో బియ్యం పోసే ముందు పిడికెడు తీసి దేవుని కుండలో వేసేవాళ్లు. ఆ పిడికెళ్లన్నీ అమ్మి నన్ను తెచ్చారు. కావాలని అడిగినవారు పరంజ్యోతి అయ్యగారు, ఆ గుడి పాస్టరు. శ్రమల వారంలో గురువారం నాడు ప్రభువు శిష్యుల కాళ్లు కడిగిన సంగతి చదివి, అలాగే పన్నెండు మంది కాళ్లు కడగడం ఆయన ఆచారం. అప్పటిదాకా బకెట్టుతో కానిచ్చేవారు.

ఆయన రోజుల్లో నా బతుకు బతుకులా ఉండేది. నాట్లు వేసి తిన్నగా చేలోంచి వచ్చినవాళ్లు, బాతులు మేపేవాళ్లు, కాలవలో పూడిక తీసేవాళ్లు, ఎవరు ముందొస్తే వాళ్లు కూర్చునేవాళ్లు. ఒక్కొక్కరికీ నీళ్లు మార్చాల్సి వచ్చేది. అడుగున బురద పేరుకునేది. అయ్యగారు పంచె పైకి దోపుకుని, మోకాళ్ల మీద కూర్చుని, వేళ్ల సందుల్లో కూడా వేలు పెట్టి కడిగేవారు. "ఇయ్యాళ మీకు చూపిస్తన్నాను. రేపట్నుంచి మీ ఇళ్లలో మీరు చెయ్యండి" అనేవారు. అందరూ ఆమేన్ అనేవాళ్లు. ఆమేన్‌కి నోరు తెరిస్తే సరిపోతుంది. మోకాళ్లు వంచనక్కర్లేదు.

అయ్యగారికి బదిలీ అయింది. ఆ తరువాత వచ్చినవాళ్లు గురువారాన్ని ఉంచారు, బురదను తీసేశారు. పన్నెండు కుర్చీలు వేసి, వాటిలో ఎవరు కూర్చోవాలో సంఘ పెద్దలు ముందే తేల్చేవాళ్లు. తగ్గించుకోవడానికి వేసిన కుర్చీల కోసం మనుషులు ఎంత హెచ్చించుకున్నారో నేను చూశాను. ఒక ఏడు ఒకే కుర్చీలో ఇద్దరు కూర్చున్నారు. ఇద్దరూ లేవలేదు. చివరికి ఇద్దరికీ చెరో కాలు కడిగారు.

వాళ్లు ఇంటి దగ్గరే ఇటుక ముక్కతో మడమలు తోముకుని, సబ్బుతో కడుక్కుని, పౌడరు రాసుకుని వచ్చేవాళ్లు. కొత్త అయ్యగార్లు రెండు వేళ్లతో నీళ్లు చిలకరించేవారు. ఎన్నో ఏళ్లు నా నీళ్ల మీద తేలింది పౌడరే.

మొదటి కుర్చీ ఎప్పుడూ ఆశీర్వాదంగారిది. సంఘంలో ఆయన పెద్ద. ఆయన లేచి నిలబడితే మాట అయిపోయినట్టే. ఆయన కాలికోసం నీళ్లు కాచి, సరిపడా గోరువెచ్చన చేసి, నన్ను మోసుకొచ్చి ఆయన ముందు పెట్టే మనిషి సువార్తమ్మ. ఆయన తమ్ముడు జకరయ్య భార్య. గుడి ఊడ్చేదీ, గురువారం అయ్యాక నన్ను ఇంటికి తీసుకుపోయి చింతపండుతో తోమేదీ ఆమే.

జకరయ్య తాటిచెట్టు మీంచి పడి చనిపోయాడు. పసిపిల్లలతో మిగిలిన సువార్తమ్మ కోడిగుడ్లు ఉడకబెట్టి అమ్మడం మొదలుపెట్టింది. గుడి ముందు కూర్చుంటే ఎవరూ కొనలేదు. కల్లు పాక ముందు కూర్చుంటే బుట్ట ఖాళీ అయ్యేది. ఆమె కల్లు ముట్టలేదు, అమ్మలేదు. గుడ్లు, ఉప్పు, కారం, అంతే. ఇంటిపేరు బజారున పడుతోందని ఆశీర్వాదంగారే సంఘంలో లేచి నిలబడ్డారు. ఆమెను బల్ల నుంచి దూరం పెట్టారు. అంటే ప్రభువు రొట్టె, ద్రాక్షరసం ఆమెకు లేవు. అందరూ ముందుకు వెళుతుంటే ఆమె చెప్పులు విడిచే చోట కూర్చోవాలి. తప్పు ఒప్పుకుంటే చేర్చుకుంటామన్నారు.

"గుడ్లమ్మానండి. అది పాపమని ఏ వాక్యంలో ఉందో చూపిస్తే ఒప్పుకుంటానండి" అంది సువార్తమ్మ. పెద్దలకు ఆ వాక్యం దొరకలేదు, కోపం మాత్రం దొరికింది.

అయినా గురువారం నీళ్లు ఆమెనే కాచమన్నారు. ఆమె పనికిరాదు, ఆమె కాచిన నీళ్లు పనికొస్తాయి.

రొట్టె సంగతి ఎలా ఉన్నా, ఆమె దిగులు మరొకటి. బల్లకు దూరమైనవాళ్లకు సమాధుల తోటలో చోటివ్వరు, కాలవగట్టున పెట్టేస్తారు. జకరయ్య సమాధి పక్కన ఒక మనిషి పట్టేంత జాగా వదిలి, దాని తలవైపు ఆమె నందివర్ధనం నాటుకుంది. ఏళ్ల తరువాత పిల్లలు చేతికొచ్చి గుడ్ల బుట్ట మానేసినా, ఆమె తప్పు ఒప్పుకోలేదు, సంఘం దిగిరాలేదు. ఒకే ఒక్క దారి మిగిలింది. దూరం పెట్టమన్న పెద్దే లేచి, చేర్చుకోమని చెప్పాలి.

ఆశీర్వాదంగారికి చక్కెర జబ్బు ముదిరింది. కాలికి పుండు లేచింది. ఆ ఏడు శ్రమల వారానికి ముందు, మిగతా పెద్దలు ఆయన దగ్గరికి వెళ్లి, విశ్రాంతి తీసుకోండి పెద్దయ్యా, ఈసారికి మీ కుర్చీలో ఇంకొకర్ని కూర్చోబెడతాం అన్నారట. పుండు వాసన వేస్తోందని ఎవరూ అనలేదు. మర్యాద తెలిసినవాళ్లు. అలా, ఆ ఊళ్లో కడగవలసిన కాలు ఏదైనా ఉందంటే ఆ ఒక్క కాలినే గురువారం నుంచి తప్పించి, మిగతా శుభ్రమైన కాళ్లన్నీ నాలో ముంచారు.

ఆ మర్నాడు నన్ను తోముతూ సువార్తమ్మ ఉన్నట్టుండి ఆగింది. "కాళ్లు కడగమన్న వాక్యం గుడినిండా విన్నారు. అందరూ ఇంటికెళ్లి అన్నాలు తిన్నారు. నాకే ఎందుకు తగలాలి ఆ మాట" అని నాతోనే అంది. నన్ను విసురుగా బోర్లించింది. కాసేపటికి మళ్లీ తీసి, చంకన పెట్టుకుని బయలుదేరింది.

ఆశీర్వాదంగారి మంచం వీధి అరుగు చివరికి వచ్చేసింది. కోడలు హెప్సిబా ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని అటు చూపించి లోపలికి పోయింది. సువార్తమ్మ నన్ను మంచం దగ్గర పెట్టి నీళ్లు పోసింది.

"నువ్వా అమ్మాయ్" అన్నారాయన. నీళ్ల వైపు చూసి, "అయితే నన్ను క్షమించేశావన్నమాట" అన్నారు.

"లేదండి బావగారండి" అంది ఆమె. "ప్రేమా లేదండి. నీళ్లు తెచ్చానంతే. కాలు పెట్టండి."

కట్టు మార్చడానికి వచ్చే నర్సమ్మ ఒక సంగతి చెప్పి వెళ్లింది. ఆ కాలికి వేడీ చల్లా తెలియదు. మరుగుతున్న నీళ్లు పోసినా ఆయన కదలరు, చర్మం ఊడివచ్చాక గానీ తెలియదు. అందుకని ముందు మీ మోచెయ్యి ముంచి చూసుకోండమ్మా అంది. ఆనాటినుంచి సువార్తమ్మ నన్ను బీరువాలో పెట్టకుండా రోజూ తెచ్చి, మోచెయ్యి ముంచి చూశాకే ఆయన కాలు పట్టుకునేది. మొదట్లో గుడ్డతో పట్టుకుని, మొహం పక్కకు తిప్పుకునేది. కొన్నాళ్లకు గుడ్డ పోయింది. ఆ తరువాత మొహం కూడా ఇటు తిరిగింది. అది ప్రేమేనా అంటే నాకు తెలియదు. నీళ్లలో మునిగిన చేతులు మాత్రం కసురుకోవడం మానేశాయి.

ఒకరోజు ఆయనకు గుడ్డు మీద మనసు పోయింది. ఆమె ఉడకబెట్టి, రెండుగా కోసి, ఉప్పూ కారం చల్లి తెచ్చింది. ఆయన వేళ్లు నాక్కుంటూ తిన్నారు.

"దీంట్లో తప్పేముందమ్మాయ్" అన్నారు.

"ఆ మాట నాకెందుకండి. గుళ్లో చెప్పండి."

ఆయన తల దించుకున్నారు. "చెప్తాను. పెద్దలు ప్రార్థనకొస్తారు గదా, అప్పుడు చెప్తాను. నిన్ను బల్లకి చేర్చుకోమని నా నోటితోనే చెప్తాను."

 ఆమె ఇంటికి వెళ్లేటప్పుడు దారి మార్చి, సమాధుల తోట మీదుగా వెళ్లింది. నందివర్ధనం మొదట్లో కలుపు పీకి, నాతో కాలవ నీళ్లు ముంచి తెచ్చి పోసింది. గుడి వస్తువుతో సొంతపని చేయడం నేను చూసింది ఆ ఒక్కసారే.

పెద్దలు ఆదివారం ఆరాధన అయ్యాక వచ్చారు. కొత్త కుర్ర అయ్యగారు ముందు, మిగతావాళ్లు వెనక. మంచానికి కాస్త దూరంగా కుర్చీలు వేసుకున్నారు. సువార్తమ్మ అప్పుడే కాలు కడిగి ముగించింది. నన్ను పట్టుకుని గబగబా తలుపు చాటుకు జరిగింది. నాలో నీళ్లు పారబోయకుండానే చెవి ఒగ్గి నిలబడింది.

పాట పాడారు. ప్రార్థన చేశారు. లేవబోతూ కుర్ర అయ్యగారు కట్టు వైపు చూసి, ఇంత శుభ్రంగా ఉంచుతున్నారే, ఎవరు చూసుకుంటున్నారు పెద్దయ్యా అని అడిగారు.

ఆశీర్వాదంగారు తలుపు వైపు చూశారు. ఆయన పెదవులు కదిలాయి. ఎన్నేళ్లో మొదటి కుర్చీలో కూర్చున్న మనిషి. తాను వెలివేసిన ఆడమనిషి చేతుల్లో తన పుండు ఉందని అందరి ముందూ అనాలి.

"దేవుడే చూసుకుంటన్నాడయ్యా" అన్నారు. "ఏ లోటూ లేదు."

అందరూ స్తోత్రం అన్నారు. ఇది గొప్ప సాక్ష్యం, వచ్చే ఆదివారం సంఘానికి చెబుతానన్నారు అయ్యగారు.

తలుపు చాటున సువార్తమ్మ చేతుల్లో నేను ఒరిగిపోయాను. పుండు కడిగిన నీళ్లు ఆమె పాదాల మీద పడ్డాయి. ఆమె చూసుకోలేదు.

మర్నాడు సోమవారం. ఆ రోజు ఆమె నన్ను ముట్టదనుకున్నాను. చంకన పెట్టుకుని వచ్చింది. ఆ ఇంటి పొయ్యి మీద తనే నీళ్లు పెట్టి, తెర్లి పొంగేదాకా కదలకుండా కూర్చుంది. ఆ నీళ్లు అలాగే తెచ్చి నాలో పోసింది. కొలిమి దాటాక అంత వేడి నేనెరగను. పక్కన చల్లనీళ్ల చెంబు ఉంది, ముట్టలేదు. మోచెయ్యి ముంచలేదు.

ఆశీర్వాదంగారు కునుకుపాటులో ఉన్నారు. ఆమె వచ్చిన అలికిడికి కళ్లు తెరవకుండానే, చంటిపిల్లాడిలా కాలు చాపారు. "పెట్టమంటావా" అన్నారు.

ఆమె మాట్లాడలేదు. మాట్లాడకుండా ఉంటే చాలు. మిగతా పని నీళ్లు చూసుకుంటాయి. ఎవరికీ తెలియదు. పొరపాటంటే నమ్ముతారు. మడమ నా అంచు దాటి కిందికి దిగుతోంది.

ఆమె చెయ్యి దాన్ని పట్టుకుంది. నీళ్లకు జానెడు ఎత్తులో ఆపేసింది. ఆవిరి ఆ ఇద్దరి మధ్యా లేస్తోంది. ఎంతసేపు అలా పట్టుకుందో చెప్పలేను. చెయ్యి వదలడం లేదు. రెండో చెయ్యి వెనక్కి తడుముకుంటూ వెళ్లి చెంబు అందుకుంది. చల్లనీళ్లు నాలో పోసింది. ఇంకో చెంబు ముంచుకొచ్చి పోసింది. మోచెయ్యి పెట్టి చూసింది. మళ్లీ పోసింది.

"ఇప్పుడు పెట్టండి" అంది.

ఆయన కళ్లు తెరిచారు. "అమ్మాయ్, నిన్న ఆ మాట..."

"మాట్లాడకండి బావగారండి. నీళ్లు చల్లారిపోతాయి."

పరంజ్యోతి అయ్యగారు వెళ్లిపోయాక నేను చూసిన నిజమైన గురువారం అదొక్కటే. అది సోమవారం నాడు వచ్చింది. పాటల్లేవు, ఆమేన్ లేదు. ఎవరికీ తెలియదు, ఆ కాలికి కూడా.

వానలు పడకముందే ఆయన పోయారు. పోయేదాకా ఆమె రోజూ కడిగింది. ఆయన ఆ మాట మళ్లీ ఎత్తలేదు, ఎవరికీ చెప్పలేదు. ఘనంగా సమాధి చేశారు. సంఘ పెద్దకు మంచి చోటివ్వాలని వెతికి, సొంత తమ్ముడి పక్కన ఖాళీ ఉందని సంతోషించి, నందివర్ధనం పీకేసి అక్కడే గొయ్యి తీశారు.

ఆడవాళ్లు సువార్తమ్మ మొహంలోకి చూశారట. ఆమె మట్టి పడుతున్న గొయ్యి వైపు చూస్తూ, "కాళ్లు కడుక్కునే పడుకున్నాడులెండి" అందట. 

చావు ఇంట్లో హెప్సిబా మాటల్లో నా సంగతి బయటపడింది. ప్రభువు గురువారానికి వాడే పాత్రను పుండు కాలికి వాడారని సంఘం అట్టుడికిపోయింది. అపవిత్రమైందన్నారు. కొత్త స్టీలు బేసిను కొన్నారు. నన్ను అమ్మేసి రమ్మని ఎవర్ని పంపారో మీరు ఊహించగలరు.

ఆమె నన్ను చింతపండుతో నిగనిగలాడేలా తోమి, పాత సామాన్ల కొట్టుకు తీసుకొచ్చింది. కొట్టతను నవ్వాడు. "పగలగొట్టి కరిగించే దాన్ని ఇంతలా తోముకొచ్చావేంటి మామ్మా?"

"అలవాటైపోయింది బాబూ" అంది.

ఆ తరువాత కూడా గురువారాలు వచ్చాయి. కొత్త బేసినుకు నీళ్లు ఆమే కాస్తోందని, చెప్పుల దగ్గరే కూర్చుంటోందని, ఈ కొట్టుకు వచ్చే ఆ ఊరివాళ్ల మాటల్లో విన్నాను. ఇప్పుడు విరిగిన కుళాయిల మధ్య బోర్లా పడి ఉన్నాను. రేపో మాపో నన్ను కొలిమికి పంపుతారు. మంట నాకు కొత్త కాదు. పుట్టినప్పుడు పడ్డదే, మళ్లీ పడతాను. కాకపోతే అప్పుడు నాకు తెలియనిది ఒకటి ఇప్పుడు తెలుసు. అంత వేడిలోకి దించే ముందు, మోచెయ్యి పెట్టి చూసే మనిషి అక్కడ ఉండదు.