ఒక్క దీర్ఘం

ఇంటికి దీపం ఇల్లాలు అన్నారు పెద్దలు. ఆ దీపం ఆర్పడం మరవొద్దని స్విచ్చు పక్కన చీటీ అంటించే మొగుడి సంగతి మాత్రం ఒక్కరూ చెప్పి చావలేదు.

మూడో అంతస్తు ఇల్లాలికి సరిగ్గా అలాంటి మొగుడే దొరికాడు. పంచదార డబ్బా మీద చీటీ, కుళాయి మీద చీటీ. రిటైరయ్యాక ఆ భవనం సంఘానికి సెక్రటరీ కూడా అయ్యాడు. కోతికి కొబ్బరిచిప్ప దొరికింది.

ఆ భవనానికి లిఫ్టు లేదు. నాలుగో అంతస్తులో ఒంటరిగా ఉండే పంతులమ్మగారికి మోకాళ్ళు లేవు. అంటే ఉన్నాయి, మాట వినవు. దిగితే మళ్ళీ ఎక్కలేనని ఆవిడ ఏడు నెలలు గడప దాటలేదు. ఆ సంగతి తెలిసిన రోజే ఇల్లాలు తమ గుమ్మం పక్కన, మెట్ల మలుపులో, ఒక పాత కుర్చీ వేసింది. మర్నాటి నుంచి పంతులమ్మ గ్రంథాలయానికి వెళ్ళొస్తోంది. దారిలో ఆ కుర్చీలో కూలబడి, తెరిచి ఉన్న తలుపులోంచి మంచినీళ్ళు అడుగుతుంది.

సెక్రటరీకి ఆ కుర్చీ నచ్చలేదు, తెరిచిన తలుపు అసలే నచ్చలేదు.

"తలుపు తీసి పెడితే దొంగలొస్తారు."

"మూసి పెడితే ఎవరూ రారు. దానికంటే దొంగే నయం, రెండు మాటలైనా మాట్లాడొచ్చు."

"ఇవాళ కుర్చీ వేశావు. రేపు బల్ల వేస్తావు. ఎల్లుండి కాఫీ హోటలు పెడతావు."

"ఎల్లుండి దాకా ఎందుకండీ, పాలు కాగే ఉన్నాయి."

ఆయన రెండుసార్లు కుర్చీ లోపల పెట్టాడు. ఆవిడ రెండుసార్లూ బయట వేసింది. మూడోసారి ఆయన లావుపాటి అక్షరాలతో కాగితం రాసి కుర్చీ పైన గోడకి అంటించాడు: 'ఇక్కడ కూర్చోరాదు. ఇట్లు, సెక్రటరీ.'

"రేపు పదింటికి పాతసామాన్లవాడు వస్తాడు. కుర్చీ ఇచ్చేస్తున్నా."

"ఇచ్చేస్తే ఆవిడ మళ్ళీ గదిలోనే పడి ఉంటుంది."

"దానికి నన్నేం చెయ్యమంటావ్?"

"ఏం చెయ్యొద్దనే నేనూ అంటున్నా. కుర్చీ జోలికి రాకండి, చాలు."

మర్నాడు ఆయన స్నానానికి వెళ్ళినప్పుడు ఆవిడ ఆయన చొక్కా జేబులోంచి కలం తీసింది. బి.ఏ.లో చదివిన తెలుగు ఇన్నేళ్ళకి అక్కరకొచ్చింది.

పదింటికి సెక్రటరీ చూపించగా పాతసామాన్లవాడు కుర్చీ మీద చెయ్యి వేశాడు. అప్పుడే పైనుంచి పంతులమ్మ కమ్మీ పట్టుకుని ఒక్కో మెట్టే దిగి, గోడ ముందు ఆగి కళ్ళజోడు సర్దుకుంది.

"'ఇక్కడ కూర్చోరాదూ...'" ఆ దీర్ఘాన్ని తరగతి గదిలో లాగినట్టు లాగింది. "నాయనా సెక్రటరీ, ముప్పై ఏళ్ళు పాఠాలు చెప్పాను. నోటీసులో ఇంత ఆప్యాయంగా బతిమాలినవాణ్ణి చూడలేదు. ఇంతగా అడిగాక కాదంటే బాగుంటుందా?" అని కూర్చుంది.

పాతసామాన్లవాడు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

సెక్రటరీ కాగితం దగ్గరికెళ్ళి చూశాడు. కొమ్ము కాస్తా కొమ్ముదీర్ఘమైంది. పెళ్ళాం వైపు చూశాడు. ఆవిడ గుమ్మంలో చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. కలం ఇంకా కొప్పులోనే ఉంది.

"పంతులమ్మగారూ, అందులో ఒక తప్పు దొర్లింది," అన్నాడు.

"ఎక్కడ నాయనా?"

ఆవిడ చంకలో సంచీ, సంచీలో రెండు పుస్తకాలు. ఒక చెయ్యి మోకాలిని నిమురుతోంది. ఇంకా మూడు అంతస్తులు దిగాలి, తర్వాత నాలుగూ ఎక్కాలి. సెక్రటరీ గొంతు సవరించుకున్నాడు.

"నిన్న రాసినప్పుడండీ. దీర్ఘం పెట్టకుండా రాశాను. తప్పు నాదే."