దెయొలిందా అత్త నల్లబట్టలు

లిస్బన్ చూడడానికి వచ్చేవాళ్ళకి కోటలూ చర్చిలూ రెండో రోజుకే మొహం మొత్తుతాయి. అప్పుడు వాళ్ళని మా అల్ఫామా పేట సందుల్లోకి తోలుకొస్తాను. తోలుకొస్తాననే అంటాను. మెడలో కెమెరాలు, నెత్తిన ఒకే రంగు టోపీలు, మంద కాక ఇంకేమిటి? మెట్లెక్కి రొప్పుతూ, మేం ఆరేసుకున్న లంగాలకి ఫోటోలు తీస్తారు, సిగ్గు లేకుండా.

పది గంటలకి దెయొలిందా అత్త కిటికీ కింద ఆపుతాను. పై అంతస్తులో, కిటికీ గట్టు మీద దిండేసుకుని, మోచేతులు ఆనించి, నల్లబట్టల్లో కూర్చుని ఉంటుంది. "ఈమె భర్త అమదేవు యాభై ఏళ్ళ కిందట చేపల వేటకెళ్ళి సముద్రంలో మునిగిపోయాడు. ఆ రోజు నుంచీ ఈమెకి నలుపే" అని వాళ్ళ భాషలో చెబుతాను. అత్త తాడు కట్టిన బుట్ట కిందికి వదులుతుంది, రొట్టెలకి వదిలే బుట్టే. మందలో ఒకరు అందులో ఎర్ర పువ్వు వేస్తారు. అత్త దాన్ని కళ్ళకద్దుకుని నిజంగానే ఏడుస్తుంది. పేరు నాకొస్తుంది.

అసలు సంగతి అత్తకి తెలియదు. అమదేవు మునగలేదు. వేట ఓడ కెనడా దాకా వెళ్తే, అక్కడి రేవులో దిగి, ఒక దొరసానితో ఉడాయించాడు. అదే ఓడలో పనిచేసిన మా నాన్న, అప్పటికి ఇరవై రెండేళ్ళ పిల్ల అయిన అత్తకి ఆ మాట చెప్పలేక, మునిగిపోయాడన్నాడు. సందులో అందరికీ తెలుసు, ఎవరూ నోరు విప్పలేదు. మా దగ్గర విధవకి మర్యాద ఉంది. చర్చిలో ముందు బల్ల, చేపల దుకాణంలో ముందు వంతు. మొగుడు వదిలేసినదానికి నవ్వులే మిగులుతాయి.

మంగళవారం మంద చివర ఒక ముసలాడు, పక్కన బొద్దుగా పెళ్ళాం. నేను ఎప్పటిలాగే, పైనున్న అత్త కోసం మా భాషలో, "పాపం, పెళ్ళైన ఏడాదికే అమదేవుకి ఎడమచేతి ఉంగరపు వేలు సగం తెగింది" అన్నాను. ముసలాడి ఎడమ చెయ్యి చటుక్కున జేబులోకి పోయింది. అమదేవే! టోపీ పెట్టుకుని, పెళ్ళాన్ని వెంటేసుకుని, తన చావు కథ వినడానికి వచ్చాడా వీడు!

అక్కడ నోరు మూసుకోవాల్సింది. మూసుకున్నానా?

"తాతా, పువ్వు మీరు వెయ్యండి. ఎడమ చేత్తోనే వెయ్యాలి, మా ఆచారం" అన్నాను, పువ్వు చాచి, మా భాషలోనే. అలాంటి ఆచారమేమీ లేదు. వాడి మొహం మాడితే చూడాలని, అంతే.

"నాకెందుకులేమ్మా" అన్నాడు, అచ్చం మా సందు యాసలో. పైన దిండు మీద మోచేతులు కదిలాయి.

"వేసెయ్, అందరూ చూస్తున్నారు" అని పెళ్ళాం నవ్వుతూ వాడి చెయ్యి బయటికి లాగింది. సగం వేలున్న చెయ్యి బుట్టలో పువ్వు పెట్టింది.

అత్త వంగి చూసింది. "అమదేవూ?"

వాడు టోపీ మొహం మీదికి లాక్కున్నాడు.

"ఏమంటోంది?" అంది పెళ్ళాం.

"చచ్చిపోయిన మొగుణ్ణి పిలుస్తోంది. మతి చలించినట్టుంది, పాపం" అన్నాడు ఆ దొంగసచ్చినాడు. ఆవిడ కళ్ళు తుడుచుకుని అత్తకి ఫోటో తీసింది.

నేను మందని పంపేశాక అత్త పైనుంచే అడిగింది.

"కుస్తోదియా, నీకు తెలుసుటే?"

"అత్తా..."

"మీ నాన్నకి?"

నేను తలూపాను.

"రొట్టెలవాడికి? చేపలమ్మే గ్రాసిందాకి?"

ఎదురు కిటికీలు ఒక్కొక్కటే మూసుకున్నాయి.

"నీ మంచికేనత్తా!"

"నా మంచా! సెరాఫిన్ నన్ను చేసుకుంటానని మూడేళ్ళు నా వెంట తిరిగాడే. పోయినవాడికి ద్రోహం చెయ్యనని పంపేశాను. అప్పుడూ మీరంతా చూస్తూనే ఉన్నారుగా!"

బుధవారం మళ్ళీ మందని తీసుకెళ్ళాను. అత్త కోపం తగ్గి ఉంటుందనుకున్నాను, నా బుద్ధికి నిప్పెట్ట! కిటికీలో దిండు లేదు. బుట్ట మాత్రం దిగింది. అందులో నల్ల గౌను, నల్ల శాలువా, నల్ల మేజోళ్ళు మడతపెట్టి ఉన్నాయి. పైన అత్త తెల్లటి లోపావడాతో, జుట్టు విరబోసుకుని నిలబడింది.

"కట్టుకోవే" అంది. "నా మొగుణ్ణి మీ నాన్న చంపాడు. నన్ను నువ్వు చంపావు. ఈ నలుపు మీ ఇంటిది."

ఇదీ కథలో భాగమే అనుకుని మందంతా చప్పట్లు కొట్టింది. శాలువా వేసుకోమని నా వైపు కెమెరాలు ఎత్తారు.

వేసుకున్నాను.