ముల్లంగి వీపు

వేడినీళ్ళ తొట్టి సగానికి పైగా నిండాక మల్‌సూన్ కొళాయి కాస్త తగ్గించి, ఫోన్‌ని రెండు షాంపూ సీసాల మధ్య ఇరికించి నిలబెట్టింది. దాని కంటికి ఆవిరి పట్టకుండా ముందే సబ్బు రాసి తుడిచింది. ఆ కిటుకు తెలియక మొదటి వీడియోలో మొదటినుంచి చివరిదాకా పొగమంచే వచ్చింది. రుద్దుడు బల్ల మీద తొడంత లావు ముల్లంగి బోర్లా పడుకుని ఉంది.

దక్షిణ కొరియాలోని మసాన్ రేవు వెనక వీధిలో ఉన్న ఆ స్నానశాలలో, ఆడవాళ్ళ వైపు ఒళ్ళు రుద్దే పని ఆమెది. ఇరవై ఏళ్ళ నుంచీ అదే పని, అదే బల్ల. అరవైకి దగ్గరపడిన మనిషి. పొట్టిగా ఉంటుంది కానీ, భుజాలు మాత్రం వల లాగే మనిషికి ఉండేటంత బలంగా ఉంటాయి. వేళ్ళ చివరలు ఎప్పుడూ నానిపోయి, ముడతలు పడి తెల్లగా ఉంటాయి. పనిలో ఉన్నంతసేపూ నల్ల లోదుస్తులే. వీడియో కోసం మాత్రం పైన ఒక చొక్కా తగిలించుకుంటుంది.

జనం బట్టల్లేకుండా తిరిగే చోట ఫోన్ పైకి తీస్తే తన్ని తరిమేస్తారు, అది న్యాయమే. కాబట్టి తలుపులు తెరవకముందే తీయాలి, మనిషి లేకుండా తీయాలి. మనిషి లేకుండా ఒళ్ళు రుద్దడం చూపించేదెలా? ముల్లంగి సలహా టికెట్ల కిటికీలో కూర్చునే హ్యాంగ్‌మీది. అసలు వీడియోలు పెట్టమని పోరు పెట్టిందీ ఆవిడే.

"ఇంటికెళ్ళి గోడతో మాట్లాడేదేదో ఫోనుతో మాట్లాడక్కా. గోడ లైకు కొట్టదుగా" అంది.

మల్‌సూన్ గరుకు గుడ్డ చేతికి తొడుక్కుని ముల్లంగి మీద గోరువెచ్చని నీళ్ళు పోసింది. "ముందు చర్మం నానాలి" అంది ఫోన్ వైపు చూడకుండా. "తొందరపడితే మంట పుడుతుంది. చెయ్యి ఒకే దిక్కుకి పోవాలి. ఇదిగో, ఇది వెన్నుపూస అనుకోండి."

చూసేవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేటంత మంది. వాళ్ళలోనూ మాట్లాడేది ఒక్కరే. పేరు ఉండాల్సిన చోట ఏవో అంకెలు, ముఖం ఉండాల్సిన చోట ఒక ఈత పండంత చిన్న బొమ్మ. పట్టి చూస్తే అది పండిన పెర్సిమన్, టమాటాలా గుండ్రంగా నారింజరంగులో ఉండే పండు. 'ముల్లంగికి చన్నీళ్ళు పోశావు, జలుబు చేస్తుంది' అని రాశారు మొదటిసారి. అది చదివి మల్‌సూన్ తన అద్దె గదిలో ఒక్కతే పైకి నవ్వింది. ఆ గదిలో తన నవ్వు తనకే కొత్తగా వినిపించింది.

ఆ తర్వాత ఒకరోజు, 'అందరి వీపులూ నువ్వు రుద్దుతావు. మరి నీ వీపు ఎవరు రుద్దుతారు?' అని రాశారు.

అన్నం చల్లారిపోయేదాకా ఆ మాటనే చూస్తూ కూర్చుంది. రేపు చెబుదాంలే అనుకుంది. ఆ రేపటి నుంచి పెర్సిమన్ జాడ లేదు. వీడియో మీద వీడియో పెట్టినా ఆ బొమ్మ మళ్ళీ కనిపించలేదు. జవాబు చెప్పనందుకు అలిగారేమో అని మల్‌సూన్ మనసులో పీకుతూనే ఉంది. ఆ మనిషి ఎవరో కూడా ఆమె ఊహించి పెట్టుకుంది: సియోల్‌లో అగ్గిపెట్టంత గదిలో ఉంటూ, పని నుంచి ఆలస్యంగా వచ్చే ఆడపిల్ల. ఈరోజు ఆ పిల్లకి జవాబు చెప్పి తీరాలని తెల్లవారకముందే వచ్చింది.

ముల్లంగి రుద్దడం అయిపోయింది. మల్‌సూన్ గొంతు సవరించుకుంది. "మొన్న ఒకరు అడిగారు..." అంది. బయట హ్యాంగ్‌మీ షట్టర్ ఎత్తిన చప్పుడైంది. ఫోన్ ఆపేసి, చొక్కా విప్పి గూటిలో పెట్టింది.

రోజూ వచ్చే ఆడవాళ్ళు వచ్చారు. గోడ అరల్లోంచి ఎవరి బుట్ట వాళ్ళు తీసుకున్నారు. సబ్బు, దువ్వెన, గుడ్డ వేసిన ఆ ప్లాస్టిక్ బుట్టల్ని వాళ్ళు ఇంటికి మోసుకెళ్ళరు, ఏళ్ళ తరబడి అవి ఇక్కడే కాపురం. తీయని బుట్ట ఒక్కటే మిగిలింది, పై అరలో ఎర్రది. అది గోసోంగ్ అవ్వది. చెర్రీపూలు రాలినప్పటి నుంచి అవ్వ రావడం లేదు.

తొట్టి పక్కన ఇద్దరు ముక్కూమొహం తెలియని ఆడవాళ్ళు ఒకరి వీపు ఒకరు రుద్దుకుంటున్నారు. తోడు లేకుండా వచ్చినవాళ్ళు పక్కనున్నవాళ్ళకి వీపు తిప్పడం, తర్వాత తిరిగి వాళ్ళకి రుద్దిపెట్టడం ఇక్కడి మర్యాద. ఎవరూ వద్దనరు. వద్దంటే ఎదుటి మనిషి చెయ్యి గాల్లో ఉండిపోతుంది. డబ్బులు తీసుకుని రుద్దే మల్‌సూన్‌ని మాత్రం నీ వీపు రుద్దనా అని ఎవరూ అడగరు.

అవ్వ ఒక్కతే అడిగింది. ఆఖరిసారి వచ్చినప్పుడు, బల్ల దిగి, మోకాళ్ళు పట్టుకుని నిలబడి, "ఏమే మల్‌సూన్, అటు తిరుగు. నేనూ నాలుగు రుద్దులు రుద్దుతా" అంది.

"చాల్లే అవ్వా, మీ చేతులకి అంత బలమెక్కడిది? అవతల మనిషి కాచుకుని ఉంది" అని నవ్వేసింది మల్‌సూన్. గుడ్డ తొడుక్కున్న చేతిని అవ్వ కాసేపు అలాగే ఉంచి, తర్వాత మెల్లగా విప్పుకుంది.

మధ్యాహ్నం జనం పలచబడ్డాక హ్యాంగ్‌మీ తెర పక్కకి జరిపి పిలిచింది. కిటికీ దగ్గర నల్ల దుస్తుల్లో ఒకావిడ నిలబడి ఉంది. గోసోంగ్ అవ్వ కోడలు.

"అత్తయ్య పోయిన వారం పోయారండి" అంది ఆవిడ. "ఇక్కడ ఆవిడ బట్టలు పెట్టుకునే గూడు తాళంచెవి ఇద్దామని వచ్చాను. మల్‌సూన్ గారంటే మీరేనా? ఆసుపత్రిలో మీ వీడియోలే చూపించేవారు అందరికీ. ముల్లంగికి స్నానం చేయించేది నా స్నేహితురాలని చెప్పేవారు. నర్సులు నవ్వలేక చచ్చారు."

మల్‌సూన్ హ్యాంగ్‌మీ వైపు తిరిగింది.

"అవ్వ ఫోన్లో నీ వీడియోలు పెట్టిచ్చింది నేనే అక్కా" అంది హ్యాంగ్‌మీ తల దించుకుని. "పెర్సిమన్ బొమ్మ కూడా నేనే పెట్టా, వాళ్ళ చెట్టుదంట. నీకు చెప్పొద్దంది. తెలిస్తే సిగ్గుపడి మానేస్తుందే అంది. నెల తిరక్కుండా ఇంటికొచ్చేస్తానని నాకు కబురు పెట్టింది, నేనూ అదే నమ్మా."

పిల్లని చంకలో పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది. సియోల్ లేదు, అగ్గిపెట్టె గది లేదు. ఆ ప్రశ్న అడిగిన మనిషి వీపు తన చేతికింద ఎన్నేళ్ళో ఉంది. ఎడమ భుజం కింద పుట్టుమచ్చ, నడుము దగ్గర పాత కోత గుర్తు మల్‌సూన్ కళ్ళు మూసుకుని చూపించగలదు. కోడలు తెర సందులోంచి పై అరలో ఉన్న ఎర్ర బుట్టని ఒకసారి చూసి, "ఇంటికి తీసుకెళ్ళి ఏం చేసుకుంటాం, మీరే ఏదో ఒకటి చెయ్యండి" అని వంగి దండం పెట్టి వెళ్ళిపోయింది.

మూసే వేళకి తొట్టిలో నీళ్ళు వదిలేశారు. మల్‌సూన్ చొక్కా వేసుకుని, ఫోన్‌ని మళ్ళీ షాంపూ సీసాల మధ్య పెట్టింది, ఈసారి బుట్టల అరల వైపు తిప్పి.

"అవ్వా, అడిగారు కదా" అంది. "ఎవరూ రుద్దరు. ఆ రోజు నేను అటు తిరిగి ఉండాల్సింది."

వీడియో పెట్టేసింది. చూసినవాళ్ళు సున్నా అని చూపించింది. కాసేపాగి చూసినా సున్నాయే. ఇక ఎన్నాళ్ళు చూసినా ఆ పండు బొమ్మ రాదని ఇప్పుడు తెలుసు కాబట్టి ఆమెకు ఏడుపొచ్చింది, ఏడ్చింది.

తర్వాత చొక్కా విప్పి, ఎర్ర బుట్టలోంచి అరిగిపోయిన గుడ్డ తీసి తడిపి చేతికి తొడుక్కుంది. భుజం మీదుగా ప్రయత్నించింది, నడుము పక్కనుంచి ప్రయత్నించింది. వీపు నడుమ అరచేతంత మేర ఎటునుంచీ అందలేదు. ఇరవై ఏళ్ళు రుద్దిన చెయ్యి అది. బయటి నుంచి హ్యాంగ్‌మీ, "అక్కా, దీపాలార్పనా?" అని అడిగింది. ఆర్పమంది.

పై అరలో గోసోంగ్ అవ్వ బుట్ట అంచున, పూలు రాలినప్పటి నుంచీ ఎండిపోయి ఉన్న గుడ్డ తడిసి, నీళ్ళోడుతూ ఉంది.