కేసవుద్దని

నందిగామలో ఆఫీసు వెనక షెడ్డులో, పొద్దున్నే చేతులకు రబ్బరు తొడుగులు వేసుకుని, లారీ కింద పడ్డ ముంగిసను కోస్తోంది డాక్టర్ రోజారమణి. అటవీ శాఖలో ఇరవై ఏడేళ్లుగా ఇదే పని. అడవి జంతువు ఏ జబ్బుతో చచ్చిందో ఇవాళ తేలిస్తే రేపు మనిషి బతుకుతాడని ఆమె నమ్మకం. ఊళ్లవాళ్లకు మాత్రం ఆమె నక్కల డాక్టరమ్మ.

ఫోన్ మోగింది, జిల్లా ఆఫీసు నుంచి. నలభై రోజుల కిందట ముక్త్యాల దగ్గర చచ్చి దొరికిన నక్క తల పరీక్ష రిపోర్టు వచ్చింది. రేబిస్.

"మర్నాడే ఐసులో పెట్టి పంపా కదండీ!"

"కవరింగ్ లెటర్ మీద సంతకం లేదండి మేడం. మీరు పెట్టాలా, మేం పెట్టాలా అని ఆగింది."

ఆమెకు ఒళ్లు మండిపోయింది. ఊరకుక్కలకు టీకాలు వేయకపోతే నక్కలకు అంటుకుంటుంది, నక్కల నుంచి మనుషులకు అని రాసిన ఉత్తరాలు ఏ బీరువాలో చెదలు తింటున్నాయో!

జీపు తీసి ముక్త్యాల బయల్దేరింది. ఆ నక్క చచ్చిపడి ఉందని చూపించింది మేకలు కాసే రత్తయ్య. ఎవర్నైనా కరిచిందా అని ఆ రోజే అడిగింది. కుడిచెయ్యి తువ్వాలు కింద పెట్టుకుని, "నాకేమవుద్దమ్మా, నక్క తోక తొక్కినోణ్ణి" అన్నాడు. అందరితో పాటు ఆమె కూడా నవ్వింది. ఆ నవ్వు గుర్తొచ్చి తన చెంప తనే వాయించుకోవాలనిపించింది.

రత్తయ్య భార్య పున్నమ్మ గుమ్మంలోనే ఎదురైంది. "మూణ్ణాళ్ల నుంచి నీళ్లు చూస్తే వణికిపోతన్నాడమ్మా. ఇందాకే మా తమ్ముళ్లు పేట ఆసుపత్రికి తీసుకెళ్లారు."

"కరిచిందని ఎందుకు చెప్పలేదు?"

"మేకపిల్ల మీద పడితే కర్రతో కొట్టి చంపాడమ్మా. నక్కను కొడితే జైలని మీరేగా బోర్డు పెట్టిచ్చింది. కేసవుద్దని సున్నం రాసుకుని ఊరుకున్నాడు."

ప్రాణం మీదికొస్తే కొట్టినా కేసుండదని ఆ బోర్డు కింద ఒక్క ముక్క రాయించలేకపోయింది, ఇరవై ఏడేళ్ల సర్వీసు!

పున్నమ్మ లోపలికెళ్లి ఒక వేపకర్ర తెచ్చి ఆమె చేతిలో పెట్టింది. "ఇదేనమ్మా ఆ కర్ర. కేసు రాస్తే రాసుకోండి. ఆయన్ని బతికిచ్చండి."

పున్నమ్మను జీపెక్కించుకుని వెళ్లేసరికి జగ్గయ్యపేట ఆసుపత్రి మెట్ల మీద తమ్ముళ్లిద్దరూ తలలు వంచుకుని కూర్చున్నారు. మొగుడు పోయాడని అర్థమై పున్నమ్మ జీపు దిగకుండానే ఏడ్చింది.

"ఆయన్ని పట్టుకున్నవాళ్లంతా ముందు సూదులు వేయించుకోండి, లేవండి!" రోజారమణి అరిచింది. ఎవరి మీద అరుస్తోందో ఆమెకు తెలుసు.

జీపు వెనక సీటు మీద వేపకర్ర అలాగే ఉంది, నడుమ నాలుగు పంటిగాట్లతో.